తపశీలులో లేనిది

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని బుల్లయ్యకు చిన్నప్పుడే ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినా వినే రకం కాదు లెండి ఆయన. వినే రకమే అయితే, యాభై ఎనిమిదేళ్ళు వచ్చి, మనవరాలిని చంకనేసుకుని తిరగాల్సిన మనిషి, నడికల్లంలో నిలబడి పదిమంది కూలీల ముందు తోడబుట్టినవాణ్ణి ఆ మాట అనేవాడు కాదు.

జరిగింది ఏమంత పెద్దది కాదు. మార్చి మొదటివారం. అన్నదమ్ముల ఉమ్మడి కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు లేచింది. బుల్లయ్య ఆ సమయానికి నరసరావుపేటలో పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. కల్లంలో తమ్ముడున్నాడుగా, బరకం కప్పుతాడులే అనుకున్నాడు. తమ్ముడు వీరబాబు బోరు మోటారు బాగుచేయించడానికి చిలకలూరిపేట పోయి, అన్నయ్య ఉన్నాడుగా, కప్పుతాడులే అనుకున్నాడు. కాయ ఏరుతున్న ఆడవాళ్ళు నలుగురు పాకలోంచి టార్పాలిన్ బరకం తీసి లాగబోయారు గానీ, గాలి దాన్ని నిలువునా చింపి అవతల పారేసింది. వాన నలభై నిమిషాలు కురిసింది. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ వారం తిరిగేసరికి తెల్లగా పాలిపోయి తాలైంది.

తిలా పాపం తలా పిడికెడు అనుకుని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. మర్నాడు తడిసిన కాయ తిరగేస్తున్నప్పుడు బుల్లయ్య పన్ను సలుపుతోంది, ఒళ్ళు మండుతోంది. అందరూ వినేటట్టు అన్నాడు.

"ఉమ్మడి బతుకు ఇంతేరా. పంచుకుంటే ఎవడి బరకం వాడు కప్పుకుంటాడు."

వీరబాబు చేతిలో కాయ తిరగేసే గోరపార కింద పెట్టాడు.

"సరే అన్నయ్యా. పంచు," అన్నాడు.

అంతే. ఆ తరువాత మూడు నెలలు అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోలేదు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో నడుము ఎత్తు గోడ. తల్లి పేరమ్మ పొద్దున టిఫిను చిన్నకొడుకు ఇంట్లో, అన్నం పెద్దకొడుకు ఇంట్లో తింటూ, ఆ గోడకు పగలగొట్టి పెట్టిన దారిలోంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆమె ఎవరి మాటా ఎవరికీ మోయలేదు. అడిగితే వినపడనట్టు ఉండేది.

ఇక్కడ ఒక సంగతి నేనే చెప్పేస్తాను, బుల్లయ్య చచ్చినా చెప్పడు గనక. ఆయనకు పంపకం అక్కర్లేదు. తమ్ముడు కావాలి. ముప్పై ఐదేళ్ళు ఒకే చేలో ఒకరు ముందు, ఒకరు వెనక నడిచిన మనుషులు. కాయ ఎప్పుడు కోయించాలో, మందు ఎప్పుడు కొట్టించాలో తమ్ముడితో అనకుండా తేల్చుకోవడం ఆయనకు రాదు. పంపకం అయిపోతే గట్టు పడుతుంది. గట్టు పడ్డాక వాడు నా చేలోకి ఎందుకొస్తాడు, నేను వాడి చేలోకి ఏమని పోతాను అని ఆయన బెంగ. ఆ బెంగ మనసులో పెట్టుకుని, మొహం మాత్రం గంటు పెట్టుకుని తిరిగాడు. నోరు జారింది తనే గనక, వెనక్కి తీసుకోవడానికి పెద్దరికం అడ్డమొచ్చింది.

పైగా పంచాల్సింది కూడా ఆయనే. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. ఆ ప్రాంతంలో అదే మర్యాద. పంచినవాడు నోరెత్తకూడదు. కోరుకున్నవాడికి పోగా మిగిలింది తీసుకోవాలి. అందుకని పంచేవాడు రెండు భాగాలనూ ప్రాణం పెట్టి సమానం చేస్తాడు.

ఊళ్ళోవాళ్ళు వాసిం పేరు చెప్పారు. వాసిం దస్తావేజులు రాస్తాడు. గుంటూరు బ్రాడీపేటలో కింద ఇంటర్ పిల్లల కోచింగ్ సెంటరు, పైన ఆయన గది. అరవై దాటిన మనిషి. ఆయన రాసిన కాగితంలో ఇంతవరకు ఏ ప్లీడరూ వేలు పెట్టడానికి సందు దొరకలేదని పేరు. అందుకే జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. వచ్చినవాళ్ళకు ఒక్కటే ఇబ్బంది. ఆయన తండ్రి ఒకప్పుడు అరబ్బీ పాఠాలు చెప్పేవాడు. పోతూ పోతూ ఇటుకంత నోటుబుక్కు ఒకటి కొడుక్కి వదిలి పోయాడు. దస్తావేజులో ఉండే మాటల్లో సగం మాటల పుట్టుపూర్వోత్తరాలు అందులో ఉన్నాయి. వ్రతకథ వింటేనే ప్రసాదం అన్నట్టు, అవి వింటేనే వాసిం దగ్గర సంతకం.

ఆయనకొక పద్ధతి ఉంది. పంపకానికి వచ్చినవాళ్ళను ముందుగా కలిపి కూర్చోబెట్టడు. ఒక్కొక్కరినీ ఒక్కో రోజు రమ్మంటాడు. ఉమ్మడి ఆస్తి మొత్తం, రెండోవాడికి చూపించకుండా, సొంత దస్తూరీతో చిట్టా రాసి ఇమ్మంటాడు. ఒకడు దాచింది రెండోవాడు మొట్టమొదట రాస్తాడు. అన్న మర్చిపోయిన గేదె తమ్ముడి చిట్టాలో కొమ్ములతో సహా ఉంటుంది. రెండు చిట్టాలూ పక్కపక్కన పెడితే ఇంటి గుట్టంతా బల్లమీదికి వస్తుంది. ముప్పై ఏళ్ళలో ఈ ఉపాయం ఒక్కసారి కూడా వమ్ము కాలేదని ఆయనే చెబుతాడు.

బుల్లయ్య మే నెలలో ఒకరోజు ఒక్కడే వెళ్ళాడు. వాసిం పేరూ ఊరూ రాసుకుని, శిస్తు ఏ ఫసలీ దాకా కట్టారని అడిగాడు. బుల్లయ్య చెప్పాడు. అక్కడితో కలం ఆగింది. ఫసలీ అంటే ఏమిటో తెలుసా అండీ అని వాసిం అడిగాడు. శిస్తు సంవత్సరం అన్నాడు బుల్లయ్య. వాసిం సంతోషంగా నోటుబుక్కు దగ్గరికి జరుపుకున్నాడు. ఇహ ఆపడం మన తరమా.

అరబ్బీలో మాటలు మనలాగా పుట్టవన్నాడు. మూడు అక్షరాలు గుంజల్లా పాతుతారు. ఆ గుంజలు కదలవు. మధ్యలో అచ్చులు మారతాయి, ముందో వెనకో ఇంకో అక్షరం వచ్చి చేరుతుంది, ఒక్కో మార్పుకి ఒక్కో మాట. ఈ మాటకు గుంజలు ఫే, సాద్, లాం. మూడూ కలిపితే వచ్చే అర్థం విడదీయడం. ఏడాదిని ముక్కలుగా విడదీస్తే ఒక్కో ముక్క ఫసల్, అంటే రుతువు. ఆ రుతువులో చేతికొచ్చే పంట ఫసలు. ఆ పంటను పట్టి లెక్కించే ఏడాది ఫసలీ. తగాదాలో మంచినీ చెడునూ విడదీసి చెబితే ఫైసలా. పట్నానికి విడిగా పడున్న పల్లెసీమ మొఫసిల్.

"అంటే మా ఊరేగా," అన్నాడు బుల్లయ్య.

మీ ఊరే అని వాసిం ఒప్పుకున్నాడు. అదే పనిని ఒత్తిపట్టి, ఏదీ వదలకుండా, ఒక్కొక్కటిగా విడదీసి చెబితే తఫ్సీల్. మన దస్తావేజుల్లో తపశీలు అంటారే, ఆస్తుల వివరం, అది ఇదేనన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గుంజలకు ముందు ‘మ’ చేర్చి మఫ్సిల్ అంటే కీలు అన్నాడు. మోకాలు, మోచెయ్యి. రెండు ఎముకలు విడిపడిన చోటు. బుల్లయ్యకు రెండేళ్ళనుంచీ మోకాళ్ళ నొప్పులు. ఆ విడిపడిన చోటే నొప్పి అండీ అన్నాడు. నిజమే గానీ, ఎముక ఒకటే అయితే కాలు ముడవలేరు గదా అన్నాడు వాసిం. బుల్లయ్య బల్ల కింద కాలు ఒకసారి ముడిచి చూసుకున్నాడు.

పేజీలో ఇంకా ఉన్నాయి. తల్లి దగ్గర్నించి వేరు చేసిన ఒంటె పిల్ల ఫసీల్. పసిబిడ్డకు పాలు మాన్పించడం ఫిసాల్. ఎవరూ విడదీయకుండా తనంత తాను విడిపోతే ఇన్ఫిసాల్. ఒక్కో రూపం చెప్పి వాసిం తలెత్తి చూస్తున్నాడు. ఒంటె పిల్ల దగ్గర బుల్లయ్యకు ఎందుకో మనసు కలతపడింది. ఒంటెను ఆయన సర్కస్‌లో తప్ప చూడలేదు, అయినా పడింది.

"అయితే వాసిం గారూ, ఉత్తుత్తినే విడిపోవడానికి ఏమన్నా మాటుందా అండీ అందులో? విడిపోయినట్టు పైకి ఉండి, లోపల విడిపోకుండా ఉండడం."

ఇంకెవరైనా అయితే నవ్వేవారు. వాసిం నవ్వలేదు. ప్రశ్న ఆయనకు ప్రశ్నే. నటించడానికి ఒక మూస ఉందన్నాడు. జబ్బు అన్న మాటను ఆ మూసలో పోస్తే జబ్బు నటించడం అవుతుంది. గుడ్డితనాన్ని పోస్తే చూసీ చూడనట్టు ఉండడం అవుతుంది. పేజీ అడుగున పది గడుల పట్టిక ఉంది, మూడు గుంజల ధాతువు తీసుకునే పది రూపాలకు పది గడులు. ఆ నటించే మూసది ఆరో గడి, దానిమీద వేలు పెట్టాడు. అది ఖాళీగా ఉంది.

"మూస ఉందండీ. ఈ ధాతువును అందులో పోసినట్టు మా నాన్నగారికి ఎక్కడా దొరకలేదు. దొరికుంటే రాసేవారు."

బుల్లయ్య ఆ ఖాళీ గడి వంక చూస్తూనే, ఏదో గాలిమాట అడుగుతున్నట్టు, తపశీలులో ఒక ఆస్తి ఎక్కకుండా పోతే ఏమవుతుందని అడిగాడు.

"ఎక్కనిది పంచనట్టేనండీ. ఎన్నేళ్ళయినా అది ఉమ్మడే," అన్నాడు వాసిం.

బుల్లయ్య ఆ ముక్క ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చుని చిట్టా రాశాడు. బోరు, మోటారు, మందుకొట్టే డ్రమ్ములు మూడు, నిచ్చెన, విరిగిన నాగలి, గడ్డివాము, రెండు గేదెలు, ఒక దూడ. చిరిగిన బరకం కూడా రాశాడు. భాగాలకు వేరే కాగితం పెట్టి, చేను తూర్పు పడమరలుగా చేశాడు. తూర్పు ముక్క నాలుగెకరాల నలభై ఆరు సెంట్లు, అందులో బోరు ఉంది. పడమటి ముక్క నాలుగెకరాల అరవై ఆరు, బోరు లేదు గనక ఇరవై సెంట్లు మొగ్గు. తమ్ముడు తూర్పు కోరుకుంటాడు, నీళ్ళకు ఇబ్బంది పడడు అని ఆయన లెక్క. తను పడితే పడ్డాడు. కల్లం రాయలేదు.

కల్లం అంటే రోడ్డు పక్క ఇరవై ఎనిమిది సెంట్ల జాగా. వాళ్ళ నాన్న రోజుల్లో అది ఎవరికీ పట్టని చెక్క. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేశాక ఊళ్ళో అందరి కళ్ళూ దానిమీదే. పెట్రోలు బంకుకి బాగుంటుందని ఒకరు, పెళ్ళి మండపానికని ఒకరు ఇంటిచుట్టూ తిరుగుతున్నారు. చేను మొత్తం ఒక ఎత్తు, ఆ చెక్క ఒక ఎత్తు. ఏ మతిలేనివాడూ చిట్టాలో మర్చిపోయే వస్తువు కాదది. బుల్లయ్య దాని విలువ చూడలేదు. ఏటా కాయ కోసిన మూడు నెలలు తను, తమ్ముడు పొద్దుగూకులూ ఉండేది అక్కడ. అదొక్కటి పంచకుండా ఉంటే, వాడు రాక తప్పదు, తను పోక తప్పదు. ఆయన పట్టు అంతా ఆ చెక్క మీదే.

భార్య రాజ్యం చిట్టా చేతికి తీసుకుని చదివింది.

"ఏవయ్యా, కల్లం రాయలేదే?"

"మర్చిపోయా."

"ఇప్పుడు గుర్తుచేశాగా."

"మళ్ళీ మర్చిపోయా."

రాజ్యం మొగుడి మొహం చూసి కాగితం మడిచి ఇచ్చింది. ముప్పై నాలుగేళ్ళ కాపురం, ఆమెకు విడమరచి చెప్పక్కర్లేదు. నువ్వు రాయకపోతే మాత్రం మరిది రాయడా, వాడి కాగితంలో మొదటి వరుసే అదయితే నీ మతిమరుపు ఏ గంగలో కలుస్తుంది అని మాత్రం అంది. బుల్లయ్యను నిద్రపోనివ్వనిదీ అదే. వీరబాబు మొండివాడు. పంచు అన్నాక పంచే దాకా ఊరుకునే రకం కాదు. వాడు రాస్తాడు. రాయకుండా ఎందుకుంటాడు. రాశాడంటే వాడికి నిజంగానే విడిపోవాలని ఉన్నట్టు. ఇన్ఫిసాల్. తనంత తాను.

మర్నాడు పొద్దున తల్లి అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, తనకు పాలు ఎట్లా మాన్పించావని అడిగాడు. పేరమ్మకు కొడుకు తలకేమన్నా అయిందేమోనని భయం వేసి నుదురు పట్టుకుని చూసింది. వేడి లేదని తెలిశాక చెప్పింది. అప్పటికి వీరబాబు కడుపులో ఉన్నాడు. బుల్లయ్యకు మూడో ఏడు నడుస్తున్నా రొమ్ము వదల్లేదు. వేపాకు నూరి రాసుకుంది. నాకి తుడిచి తాగాడు. అత్తగారు చెబితే పచ్చిమిరపకాయ నూరి రాసుకుంది. రెండు కళ్ళవెంటా నీళ్ళు కారుతుంటే అది కూడా తాగాడు. వీడు మిరపచేను చేసుకుని బతుకుతాడే అని అత్తగారు ఆనాడే అంది. ఆఖరికి నాలుగు రోజులు పుట్టింటికి పోయి వస్తే గానీ మానలేదు.

అంటే అప్పుడే నన్ను వేరు చేశావన్నమాట అన్నాడు బుల్లయ్య. వేళాకోళంగా అందామనుకున్న మాట వేళాకోళంగా రాలేదు. పేరమ్మ కరివేపాకు రెమ్మ పక్కన పెట్టింది.

"పాలు మాన్పించాను గానీ పక్కలోంచి దించానంట్రా? వాడు పుట్టాక వాడు ఈ పక్కన, నువ్వు ఆ పక్కన. ఏడేళ్ళు వచ్చేదాకా నా చీర కొంగు ఎవరిది ఎటో తెలిసేది కాదు."

ఆ మాట అని ఆమె మళ్ళీ కరివేపాకు దూసుకుంది.

జూన్ రెండోవారంలో వాసిం ఇద్దరినీ కలిపి రమ్మన్నాడు. తండ్రి ఆస్తిలో తల్లికీ హక్కు ఉంటుంది, ఆమె తనకు వద్దని చెప్పి సంతకం చేయాలి గనక పేరమ్మనూ తీసుకురమ్మన్నాడు. బుల్లయ్య తల్లిని బస్సులో తీసుకొచ్చాడు. వీరబాబు మోటారు సైకిలు మీద విడిగా వచ్చాడు. మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇద్దరూ తల్లికి చెరో చెయ్యీ అందించారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పైకి ఎక్కించారు. కింద కోచింగ్ సెంటరులో వందమంది పిల్లలు ఒక్క గొంతుతో ఏవో ఫార్ములాలు అప్పజెబుతున్నారు.

వాసిం ముందుగా పెద్దవాడు చేసిన భాగాలు చదివాడు. తూర్పు, పడమర. కొలతలు, హద్దులు. ఇక చిన్నవాడు కోరుకోవాలన్నాడు.

"పడమర," అన్నాడు వీరబాబు.

బుల్లయ్య ఉలిక్కిపడ్డాడు. పంచినవాడు నోరెత్తకూడదన్న మర్యాద ఆయనకు గుర్తుంది. ఒక్క నిమిషం ఓర్చుకున్నాడు కూడా.

"ఒరేయ్. బోరు తూర్పున ఉందిరా."

మూడు నెలల తరువాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది.

"తెలుసు," అన్నాడు వీరబాబు.

"తెలిసి పడమర ఎట్లా అడుగుతావురా? నీళ్ళెక్కడ తెచ్చి పెడతావు?"

పంచినవారు మాట్లాడకూడదు బుల్లయ్య గారూ అని వాసిం మెత్తగా గుర్తుచేశాడు. బుల్లయ్య నోరు మూసుకున్నాడు. బోరు వదిలేశాడంటే నా నీళ్ళు కూడా వద్దనుకున్నాడా వీడు, లేక నా నీళ్ళమీదే ఉందామనుకున్నాడా అని ఆయనకు తెగలేదు. అడుగుదామంటే నోరెత్తకూడదు. వాసిం పడమర ఎదురుగా వీరబాబు పేరు రాసుకుని, సొరుగులోంచి రెండు చిట్టాలు తీసి బల్లమీద పక్కపక్కన పరిచాడు.

బుల్లయ్యకు తమ్ముడి దస్తూరీ తలకిందులుగా కనిపిస్తోంది గానీ కళ్ళజోడు లేకుండా చదవలేడు. జేబులోంచి తీసి పెట్టుకుంటే తమ్ముడికి అనుమానం వస్తుంది. మొదటి వరుస పొడుగ్గా ఉందో పొట్టిగా ఉందో చూడబోయాడు. ‘రోడ్డు పక్క కల్లం’ అంటే పొడుగ్గా ఉండాలి.

వాసిం స్కేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి వచ్చాడు. మోటారు దగ్గర ఆగలేదు. గేదెల దగ్గర ఆగలేదు. నాగలి విరిగిందని ఇద్దరూ రాశారు. అడుగు దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు. ఒక్కటే తేడా అండీ అన్నాడు. బుల్లయ్య కళ్ళు మూసుకున్నాడు.

పెద్దాయన చిట్టాలో చిరిగిన బరకం ఒకటి ఉంది, చిన్నాయన చిట్టాలో అది లేదు అన్నాడు వాసిం.

"అది పారేశా," అన్నాడు వీరబాబు.

వాసిం చిట్టాలో బరకం వరుస కొట్టేశాడు. తరువాత రెవెన్యూ వాళ్ళ భూమి లెక్క, అడంగల్ కాగితం తీసి, వేలితో లెక్కపెట్టుకుంటూ కూడాడు. కూడి, ఇంకోసారి కూడాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అడంగల్లో తొమ్మిదెకరాల నలభై సెంట్లు ఉంది. రెండు చిట్టాల్లోనూ తొమ్మిదెకరాల పన్నెండే ఉంది. ఇరవై ఎనిమిది సెంట్లు ఎవరి కాగితంలోనూ లేదు. రోడ్డు పక్కది, కల్లం అని రాసి ఉంది.

కింద పిల్లలు సరిగ్గా అప్పుడే అప్పజెప్పడం ఆపారు.

"ముప్పై ఏళ్ళండీ," అన్నాడు వాసిం. "ఒకరు మర్చిపోతే రెండోవారు రాస్తారు. ఇద్దరూ కలిసి ఒకేదాన్ని మర్చిపోవడం నేను చూడలేదు."

బుల్లయ్య ఫ్యాను వంక చూస్తున్నాడు. వీరబాబు తన చెప్పుల వంక చూస్తున్నాడు. అంత విలువైన చెక్క వాడు మర్చిపోలేదు. వాడు రాయలేదు. తెలిసి రాయలేదు. ఏడుపో నవ్వో వస్తే మర్యాదగా ఉండదని బుల్లయ్య ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు.

వాసిం ఇరకాటంలో పడ్డాడు. ఏదీ వదలకపోవడం ఆయన వృత్తి, ఆయన పేరు. చూసి చూసి ఇరవై ఎనిమిది సెంట్లు వదిలేస్తే రేపు ఎవరైనా నవ్వుతారు. రాయమంటే ఇప్పుడే రాస్తానని ఇద్దరినీ పేరుపేరునా అడిగాడు. ఇద్దరూ వినపడనట్టే ఉన్నారు. చివరికి పెద్దావిడ వైపు తిరిగి, అమ్మా, కల్లం సంగతి మీరన్నా చెప్పండి అన్నాడు.

"ఏ కల్లం నాయనా?" అంది పేరమ్మ.

రోడ్డు పక్కది అన్నాడు వాసిం. పేరమ్మ కాసేపు ఆలోచించింది. ఎనభై ఏళ్ళు దాటిన ఆమె జీవితంలో ఏటా మూడు నెలలు ఆ కల్లంలోనే గడిచాయి. ఆ కల్లంలోనే ఆమె మొగుడికి అన్నం క్యారేజీ తీసుకుపోయేది.

"మనకు కల్లం ఉందంట్రా?" అని కొడుకులనడిగింది.

"ఏమోనమ్మా," అన్నాడు బుల్లయ్య.

"ఏమో," అన్నాడు వీరబాబు.

వాసిం ముగ్గురినీ వరసగా చూశాడు. అడంగల్ కాగితం నాలుగు మడతలు పెట్టి సొరుగులో పెట్టాడు. తండ్రి నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, ఆ పేజీ తీసి, ఖాళీగా ఉన్న ఆరో గడిలో ఏదో రాశాడు. పెన్నుతో కాదు, పెన్సిలుతో. పూర్తి రుజువు ఇంకా చేతికి రాలేదని ఆయన అనుమానం కాబోలు. తరువాత ఎప్పటిలాగే ముగ్గురి చేతా దస్తావేజు మీద సంతకాలు పెట్టించాడు. ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రేషను అయిపోయింది. భూమి రెండుగా విడిపోయింది, గట్టు ఎక్కడ పడాలో కాగితంలో గజాలతో సహా ఉంది.

రిజిస్ట్రారు ఆఫీసులోంచి బయటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. నీడలో కూర్చుని పేరమ్మ సోడా తాగుతోంది. వీరబాబు మోటారు సైకిలు దగ్గర నిలబడి తాళ్ళు బిగిస్తున్నాడు. వెనక సీటు మీద ఒక పెద్ద కట్ట ఉంది, నీలం రంగుది, కొత్త ప్లాస్టిక్కు వాసన వేస్తోంది. పొద్దున హడావిడిలో బుల్లయ్య దాన్ని చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆగాడు. మార్చిలో తను అన్న మాట తనకే చెవిలో పడింది. ఎవడి బరకం వాడు.

"ఏందిరా అది?"

"బరకం."

"ఎప్పుడు కొన్నావు?"

"పొద్దున. పైకి వచ్చే ముందు."

బుల్లయ్యకు అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది.

"ఎన్ని కొన్నావు?"

"ఒక్కటే అన్నయ్యా. నలభై అడుగులు, ముప్పై అడుగులు."

బుల్లయ్య దగ్గరికి వెళ్ళి కట్ట మీద చెయ్యి వేసి చూశాడు. మందంగా, బరువుగా ఉంది. ఎంత గాలి వచ్చినా చిరిగే రకం కాదు. ఇంటి దాకా జారిపోకుండా ఉండేందుకు అటు కొస తాడు తను పట్టుకుని లాగాడు. ఇటు కొస తమ్ముడు ముడివేశాడు.

"ఇంత పెద్దది ఒక్కడు కప్పలేడు గదరా," అన్నాడు.

"కప్పలేడు," అన్నాడు వీరబాబు.